సంఖ్యాహృదయం

పాఠ్యాంశ నేపథ్యం

పొలంలోని పైరు, కణంలోని జన్యువు, వైద్యశాలలోని రోగి, తరగతి గదిలోని విద్యార్థి – ఈ నాలుగింటికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. మొదటిది వ్యవసాయశాస్త్రానికి, రెండవది జీవశాస్త్రానికి, మూడవది వైద్యానికి, నాలుగవది మనోవిజ్ఞానానికి చెందిన విషయాలు. అయినప్పటికీ ఇరవయ్యో శతాబ్దంలో ఈ నాలుగు రంగాల పరిశోధనను ఒకే దారం హారంగా కూర్చింది. ఆ దారమే సాంఖ్యకశాస్త్రం. ఆ శాస్త్రానికి పునాదులు వేసిన మహనీయులలో ఒక తెలుగువాడు కూడా ఉన్నారు. కొలత సత్యాన్ని ఎలా వెలికితీస్తుందో, వివేకం కొరవడినప్పుడు అదే కొలత మనిషికి ఎలా అన్యాయం చేస్తుందో ఈ పాఠం వివరిస్తుంది.

1. ఋతుపర్ణుని విద్య

ఆంధ్ర మహాభారతంలోని అరణ్యపర్వంలో నన్నయ తెనిగించిన నలోపాఖ్యానం తెలుగువారికి చిరపరిచితమైన కథ. జూదంలో రాజ్యాన్ని పోగొట్టుకొన్న నలుడు బాహుకుడనే మారుపేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో సారథిగా చేరుతాడు. దమయంతి పునఃస్వయంవర వార్త విని ఋతుపర్ణుడు విదర్భకు బయలుదేరుతాడు. నలుని చేతిలో రథం వాయువేగంతో సాగిపోతుంటుంది. దారిలో ఒక తాండ్రచెట్టు కనిపిస్తుంది. ఋతుపర్ణుడు ఆ చెట్టును చూచి, దాని ఆకులెన్నో కాయలెన్నో అక్కడికక్కడే చెబుతాడు. బాహుకునికి నమ్మకం కలుగలేదు. ఆలస్యమవుతుందని రాజు వారిస్తున్నా వినక రథమాపి లెక్కించి చూచాడు. రాజు చెప్పిన సంఖ్య సరిపోయింది.

ఈ విద్య నీకెలా అబ్బిందని అడిగిన బాహుకునికి ఋతుపర్ణుడు ఒక రహస్యాన్ని చెప్పాడు. తాను పాచికల మర్మమైన అక్షహృదయాన్ని ఎరిగినవాడు, సంఖ్యాగణనలోనూ నిపుణుడు. ఆ విద్యను గ్రహించిన క్షణంలోనే నలుని శరీరాన్ని ఆవహించిన కలి బయటికి వెడలిపోయాడు.

ఈ కథలో ఆలోచించదగిన అంశం ఒకటి ఉంది. పాచిక ఎలా పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. చెట్టుకున్న కాయల సంఖ్య మాత్రం నిశ్చితమైనది. మొదటిది అనిశ్చితికి ప్రతీక, రెండవది గణనకు ప్రతీక. ఈ రెండు విద్యలనూ కథాకర్త ఒకే వ్యక్తికి కట్టబెట్టాడు. అనిశ్చితిని అర్థం చేసుకొన్నవాడే సరిగా లెక్కించగలడన్న భావం ఇందులో ధ్వనిస్తుంది. అనేక శతాబ్దాల తరువాత ఆధునిక విజ్ఞానం ఇదే నిర్ణయానికి వచ్చింది. అయితే అది రాజసభలో కాక, ఒక గోధుమ పొలంలో వచ్చింది.

2. పొలం నేర్పిన పాఠం

ఒక రైతు తన చేనిలో తూర్పు మడికి కొత్త ఎరువును, పడమటి మడికి పాత ఎరువును వేశాడనుకొందాం. కోతల వేళకు తూర్పు మడిలో రెండు బస్తాలు ఎక్కువ పండాయి. ఇది కొత్త ఎరువు మహిమేనా? తూర్పు మడి కాలువకు దగ్గరగా ఉండవచ్చు. అక్కడ ఒండ్రుమట్టి మేట వేసి ఉండవచ్చు. నిరుడు అందులో మినుము వేయడం వల్ల భూసారం పెరిగి ఉండవచ్చు. ఒక్కసారి చేసిన పోలిక వీటిలో ఏది అసలు కారణమో చెప్పలేదు. ఒకే చేనిలో సైతం అడుగడుగునా మట్టి మారుతుంది. ఆ మార్పుల మధ్య ఎరువు ప్రభావాన్ని విడదీసి చూపడమెలా?

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే శాస్త్రజ్ఞులు 1843లో అక్కడ గోధుమ పైరుపై ఎరువుల ప్రయోగాలు ప్రారంభించారు. ఆనాడు బ్రాడ్‌బాక్ అనే పొలంలో మొదలైన ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. అయితే దశాబ్దాల తరబడి పోగుపడిన దిగుబడి లెక్కలను విశ్లేషించే సాధనం వారికి లేదు. ఆ పనికోసం 1919లో రొనాల్డ్ ఐల్మర్ ఫిషర్ అనే యువ గణితజ్ఞుని నియమించారు. చిన్ననాటి నుంచి చూపు మందగించినందువల్ల లెక్కలను కాగితంపై కాక మనోనేత్రంతో చేయడం అలవరచుకొన్న మేధావి ఆయన.

ఫిషర్ ప్రయోగ రూపకల్పనకు మూడు సూత్రాలను నిర్దేశించారు. మొదటిది పునరావృతి. ఒక ఎరువును ఒక్క మడిలో కాక అనేక మడులలో పరీక్షించాలి. రెండవది స్థానిక నియంత్రణ. ఒకే రకమైన నేల ఉన్న మడులను ఒక సముదాయంగా చేర్చి, పోలికను ఆ సముదాయం లోపలే జరపాలి. మూడవది యాదృచ్ఛికీకరణ. ఏ మడికి ఏ ఎరువు వేయాలన్నది పరిశోధకుని ఇష్టానికి వదలక, చీటీలు తీసినట్లుగా నిర్ణయించాలి. మనిషి ఎంపికలో తెలిసో తెలియకో పక్షపాతం చోటుచేసుకొంటుంది. చీటీకి ఇష్టాయిష్టాలు లేవు. ఏ జూదం నలుని రాజ్యభ్రష్టుని చేసిందో, ఆ జూదపు స్వభావమే ఇక్కడ సత్యాన్వేషణకు సాధనమైంది. ఫిషర్ 1925లోనూ, 1935లోనూ వెలువరించిన రెండు గ్రంథాలు ఈ పద్ధతులను ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి.

భారతదేశంలో ఈ శాస్త్రానికి బీజం వేసినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించారు. బెంగాల్‌లో జనుము పంట విస్తీర్ణాన్ని అంచనా వేయడానికి ప్రతి పొలాన్నీ కొలవకుండా, యాదృచ్ఛికంగా ఎంచుకొన్న కొన్ని పొలాలను మాత్రమే కొలిచే విధానాన్ని ఆయన అభివృద్ధి చేశారు. దీనినే ప్రతిచయనం అంటారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండలోని మెతుకులన్నీ పట్టి చూడనక్కరలేదు. అయితే ఆ పట్టి చూచే మెతుకు కుండలో ఏ చోటి నుంచైనా రావాలి. పైపై మెతుకే అయితే పొరపాటు తప్పదు.

తెలుగు రాష్ట్రాల పల్లెలలో ఏటా జరిగే పంటకోత ప్రయోగాలకు మూలం ఈ ప్రతిచయనమే. వరి చేనిలో యాదృచ్ఛికంగా ఎంచుకొన్న చోట 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల గడిని కొలిచి, అందులోని పంటను కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ గడి వైశాల్యం 25 చదరపు మీటర్లు. హెక్టారు అటువంటి 400 గడులకు సమానం. గడిలో 12 కిలోల ధాన్యం వస్తే హెక్టారుకు 4,800 కిలోల దిగుబడి అని అంచనా. 2016లో అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో నష్టపరిహారాన్ని లెక్కించే ప్రధాన ఆధారాలలో ఈ ప్రయోగమొకటి. గట్టున నిలిచి, చేతికందినచోట ఏపుగా ఎదిగిన పైరును కోస్తే పంట బాగా పండినట్లు లెక్క తేలుతుంది. అప్పుడు నష్టపోయిన రైతుకు రావలసిన పరిహారం రాకుండాపోతుంది. యాదృచ్ఛికతను పాటించడం కేవలం గణిత నియమం కాదు. అది న్యాయానికి సంబంధించిన విషయం.

3. బఠానీ గింజ నుంచి సాంబమసూరి వరకు

పైరులో కనిపించే భేదాలకు నేల ఒక కారణమైతే, విత్తనం మరొక కారణం. విత్తనంలోని రహస్యాన్ని మొదట లెక్కకట్టినవాడు గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. బ్రున్ నగరంలోని ఆశ్రమపు తోటలో 1856 నుంచి 1863 వరకు ఆయన బఠానీ మొక్కలను సంకరపరచి పరిశీలించాడు. ఒక ప్రయోగంలో రెండవ తరంలో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడుతలు పడిన గింజలు లభించాయి. ఈ రెండింటి నిష్పత్తి సుమారు 3 : 1. అదృష్టవశాత్తు లభించినట్లు కనిపించే లక్షణాల వెనుక ఒక నియమం ఉన్నదని దీనివల్ల తేలింది. 1866లో ప్రచురితమైన ఆ పరిశోధనను 1900 వరకు లోకం గుర్తించలేదు.

అయితే ఒక సందేహం మిగిలింది. బఠానీ గింజ గుండ్రంగానో ముడుతలుగానో ఉంటుంది. మనిషి ఎత్తు అలా రెండే రకాలుగా ఉండదు కదా? పొట్టి నుంచి పొడవు వరకు అన్ని ఎత్తులవారూ కనిపిస్తారు. మెండెల్ నియమం ఇక్కడ వర్తించదని కొందరు వాదించారు. 1918లో ఫిషర్ ఈ వివాదాన్ని పరిష్కరించారు. ఒక్కొక్కటి స్వల్ప ప్రభావం మాత్రమే చూపే జన్యువులు అనేకం కలిసినప్పుడు, వాటి మొత్తం ఫలితం అవిచ్ఛిన్నంగా మారే లక్షణంగా కనిపిస్తుందని గణితంతో నిరూపించారు. విస్తృతి అనే సాంఖ్యక భావనకు ఆంగ్లంలో నేటి పేరు ఆ వ్యాసంలోనే ఏర్పడింది. 2022లో సుమారు 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఎత్తుతో సంబంధం గల 12,111 జన్యుభేదాలను గుర్తించారు. నూరేళ్ల క్రితం కాగితంపై వేసిన అంచనా ఈ విధంగా ప్రత్యక్ష ప్రమాణంతో బలపడింది.

ఈ జ్ఞానం తెలుగునేలపై ఫలించిన తీరుకు సాంబమసూరి చక్కని నిదర్శనం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వెలువడిన ఈ వరి వంగడాన్ని రైతులు బీపీటీ 5204 అని పిలుస్తారు. సన్నని గింజకు, రుచికి పేరొందిన ఈ వంగడానికి బాక్టీరియా ఎండుతెగులును తట్టుకొనే శక్తి లేదు. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రమూ, వరి పరిశోధన సంచాలకాలయమూ కలిసి ఆ తెగులును ఎదుర్కొనే మూడు జన్యువులను సంకరణ ద్వారా ఇందులోకి తెచ్చాయి. ఏ మొక్కలో ఆ జన్యువులు చేరాయో గుర్తించడానికి జన్యు సూచికలను ఉపయోగించాయి. ఈ విధంగా రూపొందిన మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలైంది. దీని గ్లైసీమిక్ సూచిక తక్కువగా ఉన్నట్లు కూడా తరువాతి పరీక్షలలో తేలింది. అంటే దీని అన్నం తిన్నప్పుడు రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. రైతు చేను, జన్యుశాస్త్రజ్ఞుని ప్రయోగశాల, మధుమేహరోగి పళ్లెం ఒకే వరిగింజలో కలుసుకొన్నాయి.

4. నూనెదీపపు వెలుగులో

ఈ శాస్త్రాన్ని ఉన్నత శిఖరాలకు చేర్చిన తెలుగు తేజం కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1920 సెప్టెంబరు 10న నాటి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా హడగళిలో జన్మించారు. తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానం కావడంతో దేవకీదేవి అష్టమగర్భాన్ని తలచుకొని కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి అయినందువల్ల ఆయన బాల్యం గూడూరు, నూజివీడు, నందిగామ వంటి ఊళ్లలో గడిచింది. తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకే కుమారుని నిద్రలేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారు. ఆ ప్రశాంతవేళలో సాగిన జ్ఞానార్జనే తన జీవితానికి బాట వేసిందని ఆయన పెద్దవారైన తరువాత కూడా కృతజ్ఞతతో స్మరించుకొన్నారు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం అభ్యసించి ప్రథముడిగా ఉత్తీర్ణులైన ఆయన ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. వయసు చాలలేదని ఆ ఉద్యోగం రాలేదు. అయితే ఆ ప్రయాణంలోనే మహలనోబిస్ స్థాపించిన సంస్థ గురించి తెలిసింది. 1941 జనవరి 1న అక్కడ శిక్షణార్థిగా చేరారు. చేజారిన ఉద్యోగం ఒక మహాశాస్త్రజ్ఞుని లోకానికి అందించింది.

కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ఆయనను ఒక ప్రశ్న అడిగాడు. అంతులేనంత సమాచారం ఉన్నప్పుడు వర్తిస్తుందని ఫిషర్ చూపిన ఒక ఫలితం, పరిమితమైన సమాచారానికి కూడా వర్తిస్తుందా అన్నది ఆ ప్రశ్న. జవాబు ఎవరికీ తెలియదు. రావుగారు ఆ రాత్రి కూర్చొని దాన్ని సాధించారు. 1945లో ప్రచురించిన వ్యాసంలో ఆ ఫలితం వెలువడింది. స్వీడన్ దేశపు గణితజ్ఞుడు హెరాల్డ్ క్రామర్ కూడా స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని కనుగొన్నందువల్ల దానికి క్రామర్–రావు అసమానత అని పేరు వచ్చింది. దాని సారాంశం ఇది: లభించిన సమాచారం నుంచి చేసే నిష్పాక్షికమైన అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు ఉంది, ఎంతటి మేధావి అయినా ఆ హద్దును దాటలేడు. తెలిసినదానికి మించి తెలిసినట్లు చెప్పరాదన్న వినయాన్ని గణితం ఇక్కడ నియమంగా చేసింది.

1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయా త్రవ్వకాలలో లభించిన ప్రాచీన మానవుల అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతితో విశ్లేషించడం అక్కడి పని. దానితోపాటు ఫిషర్ పర్యవేక్షణలో ఎలుకల సంతతిని పరిశీలించి, జన్యువులు క్రోమోజోములపై ఏ క్రమంలో ఉన్నాయో నిర్ధారించే పరిశోధన కూడా చేశారు. 1948లో డాక్టరేటు పొందారు. భారత ప్రభుత్వం 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ పురస్కారాలతో ఆయనను గౌరవించింది. 2023లో, నూటరెండేళ్ల వయసులో, అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి లభించింది. అదే సంవత్సరం ఆగస్టు 22న ఆయన అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ పనిచేస్తున్నది.

5. రోగి మంచం దగ్గర చీటీ

ఎరువుకు వర్తించిన సూత్రం ఔషధానికి వర్తించకపోదు. మందు వేసుకొన్నవానికి జబ్బు నయమైతే అది మందు గుణమేనా, లేక కాలక్రమంలో దానంతట అదే కలిగిన రోగోపశమనమా? రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కాలంలో క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు వచ్చింది. బ్రిటన్‌లో అది అత్యంత స్వల్పంగా లభించేది. అందరికీ ఇవ్వడానికి చాలని మందును ఎవరికి ఇవ్వాలి? ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ సూచన మేరకు వైద్య పరిశోధన మండలి 107 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించింది. ఎవరు ఏ వర్గంలోకి వెళ్లాలన్నది మూసిన కవరులోని చీటీ నిర్ణయించింది. 55 మందికి మందుతోపాటు విశ్రాంతి, 52 మందికి విశ్రాంతి మాత్రమే లభించాయి. ఆరు నెలలు గడిచేసరికి మొదటి వర్గంలో 4గురు, రెండవ వర్గంలో 14 మంది మరణించారు. 1948లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. మందు పనిచేస్తుందని స్పష్టమైంది. మందు ఒంటరిగా వాడితే క్రిములు దాన్ని తట్టుకొనే శక్తిని సంపాదిస్తున్నాయన్న సంగతి కూడా ఆ పరిశోధనలోనే బయటపడింది. ఒకటికి మించిన మందులను కలిపి వాడే నేటి పద్ధతికి అది దారి చూపింది.

ఇటువంటి మరొక పరిశోధనకు మద్రాసు వేదిక అయింది. ఆ రోజులలో క్షయరోగి శానిటోరియంలో చేరితేనే బ్రతుకుతాడని, మంచిగాలి, పుష్టికరమైన ఆహారం, పూర్తి విశ్రాంతి లేనిదే నయం కాదని వైద్యలోకం నమ్మేది. దేశంలోని రోగులందరికీ సరిపడే పడకలు లేవు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రంలో 193 మంది పేదరోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి శానిటోరియంలో, మరొక వర్గానికి ఇరుకైన సొంత ఇళ్లలోనే ఏడాదిపాటు ఒకే మందులతో చికిత్స చేశారు. ఇంటివద్ద ఉన్నవారికి ఆహారం తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా వారికీ దాదాపు అంతే మేలు జరిగింది. రోగి ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు అదనపు ప్రమాదం కలుగలేదని కూడా వెల్లడైంది. 1959లో ఈ ఫలితాలు వెలువడిన తరువాత ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరు మారిపోయింది. పడక దొరకని పేదవాడికి కూడా చికిత్స అందుతుందన్న భరోసాను ఒక లెక్క ఇచ్చింది.

6. మనసును తూచే త్రాసు

రోథమ్‌స్టెడ్‌లో ఒక సాయంత్రం మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రజ్ఞురాలు, కప్పులో ముందు పాలు పోశారో, ముందు తేనీరు పోశారో రుచిచూచి చెప్పగలనన్నారు. ఆ మాటను పరీక్షించే విధానాన్ని ఫిషర్ తన 1935 నాటి గ్రంథంలో ఉదాహరణగా తీసుకొన్నారు. ఎనిమిది కప్పులలో నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు తేనీరు పోసి, యాదృచ్ఛిక క్రమంలో అందించాలి. నాలుగేసి కప్పులను వేరుచేసే మార్గాలు 70 ఉన్నాయి. అన్నింటినీ సరిగా చెప్పడం గుడ్డిగా ఊహించేవారికి 70లో ఒక్కసారే సాధ్యం. మనిషి ఇంద్రియశక్తిని కొలవడానికి కూడా పొలం సూత్రమే పనికివస్తుందని ఇది నిరూపించింది.

అయితే రుచి వేరు, బుద్ధి వేరు. 1905లో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్ బుద్ధిపరీక్షను రూపొందించారు. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేక బోధన అందించడమే వారి ఆశయం. బుద్ధి మార్పులేని రాశి అన్న వాదాన్ని బినే తీవ్రంగా ఖండించారు. సాధనతో అది వికసిస్తుందని విశ్వసించారు. మనోవిజ్ఞానంలో ప్రతి పరీక్షకూ రెండు గుణాలు ఉండాలి. ఎన్నిసార్లు కొలిచినా దాదాపు ఒకే ఫలితం రావడం విశ్వసనీయత. కొలవదలచినదాన్నే కొలవడం సప్రమాణత. త్రాసు రోజూ ఒకే బరువు చూపవచ్చు. కాని దానితో పొడవు కొలవలేము.

ఈ తేడాను మరచినవారు ఆ పరీక్షను మనిషికి ముద్ర వేసే సాధనంగా మార్చారు. మంచి వంశాలను పెంచి, బలహీన వంశాలను అరికట్టాలనే వాదం ఆ కాలంలో అనేక దేశాలలో ప్రబలింది. ఫిషర్ వంటి మేధావి కూడా ఆ వాదాన్ని సమర్థించారు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో కారీ బక్ అనే యువతిని, ఆమె తల్లిని మందబుద్ధులని నిర్ధారించారు. ఏడు నెలల పసికందు అయిన కూతురు కూడా మామూలు బిడ్డలా లేదని సాక్ష్యం చెప్పించారు. ఆమెకు బలవంతంగా సంతాననిరోధక శస్త్రచికిత్స చేయవచ్చునని 1927లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. అనంతరకాలంలో చరిత్రకారులు పత్రాలను వెలికితీసి చూచినప్పుడు, ఆ పసిబిడ్డ బడిలో చేరి, ప్రతిభావంతుల జాబితాలో చోటు సంపాదించినట్లు తేలింది. ఎనిమిదేళ్ల వయసులోనే ఆ బాలిక మరణించింది. తప్పుడు కొలత ఎంతటి ఘోరానికి దారితీస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అవసరం లేదు.

ఫిషర్ మరొక విషయంలోనూ పొరపడ్డారు. పొగత్రాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ వెల్లడించారు. పొగ వల్లనే క్యాన్సర్ వస్తుందన్న నిర్ణయాన్ని ఫిషర్ చివరివరకు అంగీకరించలేదు. ఆయన స్వయంగా పొగత్రాగేవారు. పొగాకు ఉత్పత్తిదారులకు సలహాదారుగా కూడా వ్యవహరించారు. ఆయన స్మారకంగా కేంబ్రిడ్జిలోని ఒక కళాశాల లాటిన్ చతురస్రం రూపంలో రంగుటద్దాల కిటికీని అమర్చింది. వంశశుద్ధి వాదంతో ఆయనకు గల సంబంధం కారణంగా 2020లో దాన్ని తొలగించాలని నిర్ణయించింది. మడులకు చీటీలు వేసి పక్షపాతాన్ని తొలగించిన మేధావి తన మనసులోని పక్షపాతాన్ని తొలగించుకోలేకపోయారు. అయినా ఆయన నేర్పిన పద్ధతి నిలిచింది. ఆయన అభిప్రాయాలలోని దోషాన్ని పట్టుకొన్నది కూడా అటువంటి పద్ధతులే.

బుద్ధిపరీక్షల ఫలితాలు తరతరానికీ పెరుగుతూ వచ్చాయని 1984, 1987లలో జేమ్స్ ఫ్లిన్ ప్రచురించిన వ్యాసాలు చూపాయి. ఒకటి రెండు తరాలలో జన్యువులు అంతగా మారవు. చదువు, ఆహారం, ఆరోగ్యం, పరిసరాలు మారాయి. మంచి విత్తనమైనా చవిటినేలలో ఎదగదు. బక్కచిక్కిన పైరు చూచి విత్తనాన్ని నిందించేవాడు వ్యవసాయం తెలిసినవాడు కాడు. మనిషి విషయంలో ఈ మాత్రం ఇంగితాన్ని లోకం ఆలస్యంగా నేర్చుకొన్నది.

7. ముగింపు

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి జీవితమంతా సంఖ్యల మధ్యనే గడుస్తుంది. మార్కులు, శాతాలు, ర్యాంకులు అనుదినం అతణ్ణి వెన్నంటి ఉంటాయి. ఒక పరీక్ష, ఒక రోజున, కొన్ని ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను కొలుస్తుంది. ఆ పరిమితిలో అది ఉపయోగకరమైన కొలతే. దాన్ని నిర్లక్ష్యం చేయడం తగదు. కాని అది ఒక్క గడిలో చేసిన పంటకోత వంటిది. ఒక్క గడిని చూచి చేను మొత్తం ఎండిపోయిందని తీర్పు చెప్పడం శాస్త్రానికే విరుద్ధం. సహనం, స్నేహశీలం, చేతిపనిలోని నేర్పు, కష్టంలో నిలబడే ధైర్యం ఆ గడిలోకి రానేరావు. ఉన్న సమాచారానికి మించిన తీర్పు ఇవ్వరాదన్నదే రాధాకృష్ణారావు గారు గణితంలో నిరూపించిన నియమం. తల్లిదండ్రులు, అధ్యాపకులు, విద్యార్థులు తమ జీవితాలలోనూ పాటించదగిన నియమమది.

ఋతుపర్ణుడు చెప్పిన సంఖ్యను నలుడు గుడ్డిగా నమ్మలేదు, వెటకారంగా కొట్టివేయనూ లేదు. రథమాపి, దిగి, లెక్కించాడు. సరిపోయిన తరువాతనే శిష్యుడై ఆ విద్యను అభ్యసించాడు. సంఖ్యను గౌరవించడం, దాన్ని పరీక్షించడం, దాని హద్దును గుర్తెరగడం – ఈ మూడూ కలిసినదే సంఖ్యాహృదయం. అది తెలిసిననాడు నలుణ్ణి విడిచినట్లే కలి మనిషిని కూడా విడిచిపోతాడు.

అభ్యాసం

కఠిన పదాలకు అర్థాలు
తెనిగించు = తెలుగులోకి అనువదించు
యాదృచ్ఛికం = అనుకోకుండా, ఎంపిక లేకుండా జరిగేది
ప్రతిచయనం = మొత్తానికి ప్రతినిధిగా కొంత భాగాన్ని ఎంచుకోవడం
అవిచ్ఛిన్నం = తెంపులేనిది
సంకరణ = రెండు రకాలను కలిపి కొత్త రకాన్ని పుట్టించడం
రోగోపశమనం = జబ్బు తగ్గడం
సప్రమాణత = కొలవదలచినదాన్నే కొలిచే గుణం
చవిటినేల = ఉప్పు పేరుకొని పంటకు పనికిరాని భూమి

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. ఫిషర్ నిర్దేశించిన ప్రయోగ సూత్రాలను వివరించి, అవి వైద్యరంగానికి ఎలా ఉపకరించాయో తెలపండి.
2. కొలత మనిషికి మేలు చేసిన సందర్భాలను, కీడు చేసిన సందర్భాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పంటకోత ప్రయోగంలో యాదృచ్ఛికతను పాటించడం ఎందుకు అవసరం?
2. కల్యంపూడి రాధాకృష్ణారావు బాల్యాన్ని, విద్యాభ్యాసాన్ని తెలపండి.
3. మద్రాసు క్షయ పరిశోధన ఏ నమ్మకాన్ని మార్చింది?
4. విశ్వసనీయతకు, సప్రమాణతకు గల భేదమేమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బాహుకుడు ఎవరు?
2. భారతీయ సాంఖ్యక సంస్థను ఎవరు స్థాపించారు?
3. మెరుగైన సాంబమసూరి ఏ సంవత్సరంలో విడుదలైంది?
4. బినే బుద్ధిపరీక్షను ఏ ఆశయంతో రూపొందించారు?

ఈ) సంధులు
నలోపాఖ్యానం = నల + ఉపాఖ్యానం – గుణసంధి
జ్ఞానార్జన = జ్ఞాన + అర్జన – సవర్ణదీర్ఘసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశసంధి
రథమాపి = రథము + ఆపి – ఉత్వసంధి

ఉ) సమాసాలు
అక్షహృదయం = అక్షముల యొక్క హృదయం – షష్ఠీ తత్పురుష సమాసం
భూసారం = భూమి యొక్క సారం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం